తిరిగి వచ్చు పొరుగువాడు

పఠన భాగము: లూకా సువార్త 10:25–37



మంచి సమరయుని ఉపమానము మన సంఘములలో చిన్నబిడ్డలకు సైతము తెలిసినదే. అతడు దెబ్బలు తిన్నవానికి కట్లు కట్టుటను, పూటకూళ్ల యింటికి చేర్చుటను మనము తరచుగా ధ్యానించుచుందుము. అయితే కథ అక్కడ ముగియలేదు. మరునాడు అతడు రెండు దేనారములిచ్చి, ఇంకను ఖర్చయినయెడల తిరుగు ప్రయాణములో తీర్చెదనని మాట యిచ్చెను. అతని కనికరము ఒక్క రాత్రితో తీరిపోలేదు. ఆపదలో పడిన ఊరికి సేవ చేయగోరు మనము ఈ తిరుగు ప్రయాణమును గూర్చి ఆలోచింపవలెను.

1977 నవంబరు 19, శనివారమున కృష్ణా జిల్లాలోని దివిసీమను ఉప్పెన ముంచెత్తెను. సుమారు అయిదు మీటర్ల ఎత్తున లేచిన సముద్రము సొర్లగొంది, పాలకాయతిప్ప మొదలైన తీరగ్రామములను తుడిచిపెట్టెను. సుమారు 10,000 మంది మరణించిరి. పశువులకు లెక్కయే లేదు. అప్పుడు నలుదిక్కులనుండి సేవకులు వచ్చిరి. ఏ కులమో, ఏ మతమో తెలియని శవములను మోసి, అంత్యక్రియలు జరిపిరి. ఆ సీమ బిడ్డయైన మండలి వేంకటకృష్ణారావుగారు సహాయ కార్యములో ముందు నిలిచిరి. మదర్ థెరిసా వచ్చి బాధితులను ఓదార్చిరి. రామకృష్ణ మిషన్‌వారు ఇండ్లు కట్టించి యిచ్చిరి. క్రైస్తవ సేవాసంస్థలును పాలుపంచుకొనెను.

మొదటి దినములలో అన్నపు పొట్లములతో లారీలు వచ్చును. కొన్నాళ్లకు ఆ లారీలు ఆగిపోవును. అసలు కష్టము అప్పుడే మొదలగును. బావినీళ్లు ఉప్పగిల్లినవి; వాటిని పలుమార్లు తోడి పోయవలెను. పొలములో ఉప్పు పట్టినది. మంచినీరు పెట్టి కడుగనిదే వరి పండదు. పడవయు వలయు పోయిన జాలరికి ఒక పూట అన్నము పెట్టినంత మాత్రమున బ్రతుకు తిరిగి రాదు. తలిదండ్రులను పోగొట్టుకొన్న బిడ్డ పెరిగి పెద్దవాడగువరకు ఎవరో ఒకరు చెంత నుండవలెను. ఇది సమరయుడు మాట యిచ్చిన రెండవ ఖర్చు.

అట్టి సేవకు వెళ్లువారు మూడు సంగతులు మనస్సున నుంచుకొనవలెను.

మొదటిది, అడిగి చేయుడి. నెహెమ్యా యెరూషలేమునకు వచ్చి, ఎవరితోను ఏమియు చెప్పకమునుపే రాత్రివేళ లేచి, పడిన గోడలను స్వయముగా చూచెను. తరువాతనే పని మొదలుపెట్టెను. మనమును చినిగిన పాతబట్టల మూటలు తీసికొనిపోయి పంచుటకు ముందు, ఆ ఇంటి తల్లికి ఏమి కావలెనో అడుగుదము. ఆమెకు కావలసినది వంటపాత్ర కావచ్చును, పార కావచ్చును, బురద ఎత్తుటకు రెండు చేతులే కావచ్చును. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ముంచినప్పుడు, నీరు తీసిన తరువాత ఇండ్లలో మిగిలిన బురదను ఎత్తుటయే పెద్ద పనియాయెను.

రెండవది, నోరులేనివానిని వెదకుడి. పంట పోయినప్పుడు నష్టపరిహారము పట్టా గలవాని చేతికి పోవును. కౌలుకు తీసికొని అప్పుచేసి దున్నినవాడు ప్రక్కన నిలిచి చూచుచుండును. ఊరి చివరి పేటకు బియ్యపు బస్తా చేరునప్పటికి తరచుగా ఖాళీ అగును. కనుక పంచుట చివరి ఇంటినుండి మొదలుపెట్టుడి. లెక్క వ్రాసి అందరియెదుట చదువుడి. చందా సొమ్ము విషయములో ఎవరును తప్పుపట్టకుండునట్లు అపొస్తలుడైన పౌలు సహితము తనతో ఇతరులను వెంటబెట్టుకొనెను.

మూడవది, సహాయమును ఎరగా చేయకుడి. ప్రభువు పదిమంది కుష్ఠరోగులను శుద్ధులనుగా చేసెను. కృతజ్ఞతతో తిరిగి వచ్చినవాడు ఒక్కడే. అయినను తక్కిన తొమ్మిదిమంది స్వస్థతను ఆయన వెనుకకు తీసికొనలేదు. మన గుడికి రానివాడును ఆకలిగొన్నవాడే. ఉపమానములో దెబ్బలు తిన్నవాని మతమును సమరయుడు విచారింపలేదు గదా!

ప్రియులారా, మనము కలిగినవారము కాము. కూలి చేసికొని బ్రదుకువారము అనేకులము. అయినను అంతియొకయ శిష్యులు కరవు వచ్చునని విని, ఎవరి శక్తికొలది వారు యూదయలోని సహోదరులకు సొమ్ము పంపిరని అపొస్తలుల కార్యములు 11వ అధ్యాయములో చదువుచున్నాము. ప్రతి ఇంటనుండి పిడికెడు బియ్యము, ప్రతి యువకునినుండి ఒక వారము కూలిదినములు కూడిన, ఒక చిన్న సంఘము ఒక ఇంటిని నిలువబెట్టగలదు. పంటకాలము గడచిన తరువాత మరల ఆ ఊరికి వెళ్లి, "ఎట్లున్నారమ్మా?" అని అడిగి రండి. ఆ అడుగుట వారికి ఎంత బలమో!

ప్రార్థన: దయగల తండ్రీ, ఆపద దినమున పరుగెత్తు పాదములను మాకు దయచేసితివి. అందరును మరచిన దినమున తిరిగి వెళ్లు మనస్సును కూడ మాకు దయచేయుము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.