మూడోసారీ అడగాలి

మౌనం అర్ధాంగీకారం అంటారు. బడిలో సోషల్ చెప్పే నేను ఆ మాట ఒప్పుకోను. "సందేహాలున్నాయా?" అంటే తరగతిలో చప్పుడుండదు. దాన్ని క్రమశిక్షణ అనుకుని మనం పాఠం ముందుకు తోసేస్తాం.

మౌనాన్ని సమ్మతి అనుకునే ముందు ఎలా అడగాలో పాతకాలం వాళ్లకు తెలుసు. పార్లమెంటరీ పద్ధతులు ఈ దేశానికి కొత్త కాదనీ, బౌద్ధ భిక్షు సంఘాలు వాటిని పాటించాయనీ అంబేడ్కర్ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో చెప్పారు. భిక్షువుల నియమాలు చెప్పే వినయపిటకంలో ఆ తీరు కనిపిస్తుంది. ముఖ్యమైన తీర్మానమైతే సంఘం ముందు పెట్టి మూడుసార్లు అడిగేవారు. సమ్మతించినవారు ఊరుకోవాలి, కాదనేవారు మాట్లాడాలి. తగవు తెగకపోతే పుల్లలు పంచి ఓటు తీసుకునేవారు. అది బాహాటంగా కావచ్చు, గుట్టుగా కావచ్చు, చెవిలో చెప్పించుకునీ కావచ్చు.

నన్ను ఆలోచింపజేసేది ఆ చెవిలో మాటే. సర్వం త్యజించిన భిక్షువుకే పదిమందిలో నోరు పెగలకపోవచ్చని వాళ్లు గుర్తించారు. మరి పదమూడేళ్ల పిల్ల సంగతేమిటి? 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ పిల్లలు భయం లేకుండా తమ అభిప్రాయం చెప్పగలగాలంటుంది. భయం పోనిదే మౌనాన్ని సమ్మతిగా లెక్కకట్టడం అధర్మం.

మా ఎనిమిదో తరగతిలో సాయంత్రం గ్రౌండ్ ఎప్పుడూ మగపిల్లలదే. "ఎవరికైనా అభ్యంతరమా?" అన్నాను. ఎవరూ పలకలేదు. మళ్లీ అడిగినా అంతే. మూడోసారి నోట్‌బుక్ కాగితాలు చింపి పంచాను, పేరు రాయొద్దన్నాను. మడతలు విప్పితే చాలావాటిలో ఒకటే మాట: మాకూ ఆడుకోవాలనుంది.

"వాళ్లెప్పుడూ అడగలేదు టీచర్" అన్నాడు కబడ్డీ కెప్టెన్.

వెనక బెంచీ పిల్ల లేచింది. "బాల్ పట్టుకుని గట్టు మీద నిలబడితే అడిగినట్టు కాదా?"

చేతులెత్తిస్తే మగపిల్లలే నెగ్గుతారు, వాళ్లే ఎక్కువమంది. అందుకే ఓటు పెట్టలేదు. చేతులు ఎక్కువైనంత మాత్రాన న్యాయం అటు వెళ్లదు. ఎదుటివాడి మాట విని మనసు మార్చుకునే అవకాశం ముందు రావాలి. నా దృష్టిలో చర్చ అంటే అదే. కెప్టెన్ కాసేపు తల వంచుకుని, "మంగళ, గురువారాలు వాళ్లు తీసుకోనీండి" అన్నాడు. ఇద్దరు గొణిగారు. వాళ్లనూ లేచి చెప్పమన్నాను, చెప్పారు.

శనివారం ఎవరిదన్నది ఇంకా తేలలేదు. సోమవారం మళ్లీ కూర్చుంటాం.