ముట్టడిలో ఉన్నవాళ్లకి ముద్ద అన్నం



సిద్ధార్థుడు ఇల్లెందుకు విడిచాడో బాబాసాహెబ్ రాసింది మీకు తెలుసు. రోహిణీ నది నీళ్ల దగ్గర శాక్యులకీ కోలియులకీ తగవు. యుద్ధం వద్దన్నాడాయన. సంఘం వినలేదు. పైగా సేనాపతి బెదిరించాడు: కాదంటే నీ కుటుంబాన్ని వెలివేస్తాం, భూములు లాక్కుంటాం అని. సిద్ధార్థుడు అక్కడే ఆగిపోయాడు. తప్పు నాదంటున్నారు, నన్ను శిక్షించండి, ఏ పాపం ఎరగనివాళ్లని ఆకలికి మాడ్చొద్దు అని వేడుకున్నాడు. పరివ్రాజకుడై వెళ్లిపోయాడు. మన ధమ్మం అక్కడ మొదలైంది.

వెలి సంగతి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. కొట్టువాడు సరుకివ్వడు, కూలికి పిలవరు, ఆటో ఎక్కించుకోరు. చుండూరులో 1991 ఆగస్టు 6 హత్యాకాండకి ముందు నడిచింది ఈ వెలే. అదే పనిని ఒక నగరం చుట్టూ ఫిరంగులు పెట్టి చేస్తే ముట్టడి అంటారు.

బోస్నియాలో సరయేవో నగరాన్ని 1992 ఏప్రిల్ నుంచి 1996 ఫిబ్రవరి దాకా, దగ్గర దగ్గర నాలుగేళ్లు, అలాగే బంధించారు. చుట్టూ కొండలు. కొండల మీద బోస్నియా సెర్బుల సైన్యం. కింద లక్షల మంది జనం. కరెంటు లేదు, కుళాయిలో నీళ్లు లేవు. 1992 మే 27న రొట్టె కోసం లైన్లో నిలబడ్డవాళ్ల మీద ఫిరంగి గుళ్లు పడ్డాయి. ఆ నగరంలో సెర్బులూ ఉన్నారండీ! వాళ్లూ ఆ లైన్లలోనే నిలబడ్డారు. గుండుకి కులమతాల పట్టింపు లేదు.

ఆ జులైలో ఐక్యరాజ్యసమితి విమానాలు పిండి, మందులు తేవడం మొదలుపెట్టాయి. సెప్టెంబర్ 3న దుప్పట్లు తెస్తున్న ఇటలీ విమానాన్ని కూల్చేశారు. లోపలున్న నలుగురూ చనిపోయారు. వాళ్లు సరయేవో వాళ్లు కారు, బంధువులూ కారు. విమానాలు కొన్నాళ్లు ఆగాయి, మళ్లీ వచ్చాయి. 1996 జనవరి దాకా వస్తూనే ఉన్నాయి. రోడ్డు మీద లారీలదైతే ఇంకో బాధ. ప్రతి చెక్‌పోస్టు దగ్గరా దింపు, చూపించు, బతిమాలు. చివరికి 1993లో నగరంవాళ్లే విమానాశ్రయం కింద 800 మీటర్ల సొరంగం తవ్వుకున్నారు. నడుం వంచి నడవాలి, వీపు మీద మూట. అందులోంచి తిండీ వచ్చింది, ఆయుధాలూ వచ్చాయి. దాచేదేం లేదు.

ఇక్కడ ఒక ఉపాసకుడు అడగొచ్చు: మన పేటలోనే పొయ్యి వెలగని ఇళ్లుండగా ఎక్కడో దేశం గొడవ మనకెందుకని. న్యాయమైన ప్రశ్నే. కానీ 1985లో కారంచేడు నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని మనవాళ్లు చీరాల చేరినప్పుడు, వాళ్ల కోసం కదిలినవాళ్లంతా కారంచేడు వాళ్లేనా?

ఆళవిలో జరిగింది గుర్తు చేసుకోండి. తప్పిపోయిన ఎద్దు కోసం తిరిగి తిరిగి ఒక పేద రైతు ఖాళీ కడుపుతో వచ్చాడు. అప్పటిదాకా బుద్ధుడు బోధ మొదలుపెట్టలేదు. ముందు ఆయనకి అన్నం పెట్టించాడు. భిక్షువులు గొణిగారు కూడా, ఇదేం పద్ధతని. ఆకలిని మించిన రోగం లేదన్నది భగవానుని జవాబు.

ఇంకో మాట. సరయేవోలో ఇప్పుడొక విగ్రహం ఉంది: గొడ్డుమాంసం డబ్బా! సాయంగా వచ్చిన ఆ మాంసం నోట పెట్టలేకపోయామని, ప్రపంచానికి ‘కృతజ్ఞత’గా 2007లో నిలబెట్టారు. చేదు నవ్వు అది. పారేసేది ఇచ్చి దానం అనుకుంటే తీసుకున్నవాళ్లు మరిచిపోరు. ఊరి పెద్దలు వేసిన చద్దికూడు మనం మరిచామా?

పౌరుల్ని ఆకలితో లొంగదీయడం నిషేధమని 1977 జెనీవా ప్రోటోకాల్ చెబుతోంది. మన దేశం ఇంకా అందులో చేరలేదు. గాజాలో 2025 మార్చి 2 నుంచి పదకొండు వారాలపాటు ఇజ్రాయెల్ సాయం లారీలను పూర్తిగా ఆపేసింది. ఆగస్టుకి గాజా నగరంలో కరువు నిర్ధారణ అయింది.

వచ్చే పున్నమి వందనకి ప్రతి ఇంటినుంచీ పిడికెడు బియ్యం తీసుకురండి. దగ్గరలో ఏ పేటని వెలివేసినా, అది మన కులం కాకపోయినా, ఆ బియ్యం చేరాలి. మంచి బియ్యమే తెండి. ఫొటోలొద్దు. మన దేశం ఆ ప్రోటోకాల్‌లో చేరాలని రాసిన కాగితం విహారంలో ఉంటుంది, సంతకం పెట్టి వెళ్లండి.