ఉపకథల ప్రామాణ్యం: స్టార్ వార్స్ అభిమానుల వాదం, మీమాంసకుల న్యాయం

స్టార్ వార్స్ చలనచిత్రాల చుట్టూ పెరిగిన నవలలు, ఉపచిత్రాల విషయంలో అభిమానులు దశాబ్దాలుగా సాగిస్తున్న వాదం పైకి వినోదానికి సంబంధించినదిగా కనిపించినా, దాని మూలంలో ఉన్నది గ్రంథాలను ఆశ్రయించి బతికిన మతసమాజాలన్నీ ఎదుర్కొన్న ప్రశ్నే. ఒకే లోకాన్ని గురించి అనేక గ్రంథాలు మాట్లాడుతున్నప్పుడు వాటిలో ఏది ప్రమాణం, ఆ ప్రామాణ్యాన్ని నిర్ణయించేది ఎవరు, నిర్ణయించినవారికి దాన్ని రద్దు చేసే అధికారం కూడా ఉంటుందా అన్నదే ఆ ప్రశ్న. అభిమానులు నిత్యం వాడే ‘కానన్’ అనే పదం, అంటే ప్రామాణికంగా అంగీకరించిన గ్రంథాల సముదాయం, క్రైస్తవ సంప్రదాయం నుంచి వచ్చినదే. క్రీ.శ. 367లో అలెగ్జాండ్రియా బిషప్ అథనేసియస్ కొత్త నిబంధనకు చెందిన 27 గ్రంథాలను ఒక లేఖలో పేర్కొన్నప్పుడు, ఏవి లోపల, ఏవి వెలుపల అన్న గీతను ఆయన గీశాడు.

స్టార్ వార్స్ విషయంలో ఆ గీత ఎన్నడూ నిలకడగా లేదు. మొదటి చిత్రం 1977లో విడుదల కాగా, మరుసటి ఏడాదే ఆలన్ డీన్ ఫాస్టర్ రాసిన అనుబంధ నవల వచ్చింది. 1984, 1985లలో ఈవాక్‌లు అనే అడవి జాతిపై రెండు టెలివిజన్ చిత్రాలు వచ్చాయి. 1991లో తిమతి జాన్ రాసిన ‘హెయిర్ టు ది ఎంపైర్’ నుంచి నవలలు వరదలా వెలువడ్డాయి. వీటన్నిటినీ ఒక తాటిపైకి తేవడానికి ఆ చిత్రాలను నిర్మించిన లూకస్‌ఫిల్మ్ సంస్థ చలనచిత్రాలకు అగ్రస్థానం, టెలివిజన్ ధారావాహికలకు తరువాతి స్థానం, నవలలకు అంతకు దిగువ స్థానం ఇచ్చే అంతస్తుల పద్ధతిని పాటించింది. అయితే సంస్థ డిస్నీ చేతికి వెళ్ళిన తరువాత, 2014 ఏప్రిల్ 25న, అప్పటికున్న ఆరు చిత్రాలు, ‘క్లోన్ వార్స్’ ధారావాహిక ప్రామాణికంగానే ఉంటాయనీ, పూర్వపు నవలలన్నీ ఇకపై ప్రామాణికం కావనీ, ‘లెజెండ్స్’ అంటే ఐతిహ్యాలు అనే పేరుతో మాత్రమే పునర్ముద్రణ పొందుతాయనీ ప్రకటన వెలువడింది.

ఈ సమస్యను అత్యంత సూక్ష్మంగా ఆలోచించినవారు పూర్వమీమాంసకులు, అంటే వేదవాక్యాల అర్థనిర్ణయానికి నియమాలు కూర్చిన దార్శనికులు. వారి దృష్టిలో శ్రుతి, అనగా వేదం, స్వతఃప్రమాణం. స్మృతి, అనగా ఋషులు గుర్తుపెట్టుకొని రచించిన గ్రంథం, శ్రుతిపై ఆధారపడిన ప్రమాణం. సోమయాగంలో మేడికొయ్య స్తంభాన్ని తాకుతూ గానం చేయాలని శ్రుతి చెబుతుండగా, ఆ స్తంభాన్ని పూర్తిగా వస్త్రంతో కప్పాలని ఒక స్మృతి చెబుతుంది. కప్పిన స్తంభాన్ని తాకడం కుదరదు గనుక ఆ స్మృతివాక్యం చెల్లదని, మీమాంసా సూత్రాలు కూర్చిన జైమినికి భాష్యం రాసిన శబరుడు తేల్చాడు. గమనించవలసినదేమంటే, ఇక్కడ తొలగినది విరోధమున్న వాక్యమే తప్ప స్మృతులన్నీ కావు. విరోధం లేనిచోట స్మృతిని కాదనడానికి మారుగా, దానికి మూలమైన శ్రుతి ఎక్కడో ఉండి ఉంటుందని ఊహించాలని జైమిని సూత్రం చెబుతుంది. తరువాతి వ్యాఖ్యాత అయిన కుమారిలభట్టు మరో అడుగు ముందుకు వేసి, ఈ స్తంభం విషయంలో సైతం తొందరపడి త్రోసిపుచ్చడం తగదనీ, సమన్వయానికి దారి ఉందనీ వాదించాడు. 2014 నాటి ప్రకటన ఈ జాగ్రత్తను పాటించలేదు. విరోధం ఉన్నదీ లేనిదీ చూడకుండా ఒక్క వేటుతో అన్నిటినీ పక్కన పెట్టింది.

ఆ వేటు వేసినవారికే అది పూర్తిగా సాధ్యం కాలేదన్నది చరిత్ర. గెలాక్సీ రాజధాని గ్రహానికి ‘కొరుసాంట్’ అనే పేరు పెట్టింది 1991 నాటి జాన్ నవల. 1999లో వచ్చిన చలనచిత్రం దానిని స్వీకరించింది గనుక వేటు తరువాతా ఆ పేరు నిలిచింది. ఇంకా సూక్ష్మమైన ఉదాహరణ కెసెల్ ప్రయాణం. తన ఓడ ఆ మార్గాన్ని పన్నెండు పార్సెక్‌లలోపే పూర్తిచేసిందని మొదటి చిత్రంలో అంతరిక్షనౌక నడిపే హాన్ సోలో గొప్పగా చెప్పుకుంటాడు. కానీ పార్సెక్ అనేది సుమారు 3.26 కాంతిసంవత్సరాలకు సమానమైన దూరమానమే గాని కాలమానం కాదు. దీన్ని పొరపాటుగా వదిలేయక, కృష్ణబిలాల గుంపుకు ప్రమాదకరమైనంత దగ్గరగా వెళ్ళి దారినే కుదించాడని నవలాకారులు సమర్థించారు. ఆ నవలలు అధికారం కోల్పోయిన నాలుగేళ్ళకు, 2018లో, ‘సోలో’ అనే ఉపచిత్రం ఇరవై పార్సెక్‌ల మార్గాన్ని కుదించిన ఆ సాహసాన్నే తెరపై చూపింది. స్మృతి నుంచి శ్రుతిని ఊహించడమంటే ఏమిటో ఇంతకంటే స్పష్టంగా చూపగల ఆధునిక దృష్టాంతం అరుదు.

సమన్వయానికి లొంగని సందర్భమూ ఉంది, నిజమైన తాత్త్విక క్లేశం అక్కడే మొదలవుతుంది. ఆర్.ఎ. సాల్వటోర్ 1999లో రాసిన ‘వెక్టర్ ప్రైమ్’ నవలలో, కూలిపోతున్న చంద్రుని కింద చిక్కిన సెర్న్‌పిడాల్ గ్రహంపై, హాన్ సోలో కుమారుణ్ణి ఓడలోకి చేర్చి, సోలో సహచరుడైన చ్యూబాకా తాను వెనుకనే మిగిలి మరణిస్తాడు. 2015 చిత్రంలో అదే చ్యూబాకా ముసలివాడైన సోలో పక్కన సజీవంగా ఉంటాడు. సమానబలం గల రెండు వాక్యాలు ఇలా ఢీకొన్నప్పుడు మీమాంసకులు చివరి ఉపాయంగా వికల్పాన్ని, అంటే రెండింటిలో దేనినైనా ఆచరించవచ్చుననే వెసులుబాటును అంగీకరించారు. అతిరాత్ర యాగంలో షోడశి అనే సోమపాత్రను గ్రహించాలని ఒక వాక్యం, గ్రహించరాదని మరొక వాక్యం ఉండడం దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. కానీ శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యంలో దీనికి ఒక హద్దు గీశారు: చేయదగిన క్రియలో వికల్పం చెల్లుతుంది గాని, ఉన్న వస్తువులో చెల్లదు, ఎదుట ఉన్నది స్తంభమో మనిషో ఏదో ఒకటే అవుతుంది, చూసేవాడి ఇష్టాన్ని బట్టి మారదు.

కల్పితకథలోని సంఘటన వస్తువా, క్రియా? అధికారిక జాబితాలు దానిని వస్తువుగా భావించి, చ్యూబాకా చనిపోయాడా లేదా అన్నదానికి ఒకే సమాధానం ఉండాలని పట్టుబడతాయి. ఈ పట్టుదల సరికాదు. సెర్న్‌పిడాల్ అనే గ్రహం ఏ దూరదర్శినికీ అందదు. అక్కడి మరణం పాఠకుడు పుటలు తిప్పుతూ, సోలో కుటుంబంతో కలిసి దుఃఖిస్తూ నిర్వహించినప్పుడే జరుగుతుంది, నిర్వహించిన ప్రతిసారీ జరుగుతుంది. కాబట్టి కథాసత్యం వస్తువుకంటే అనుష్ఠానానికే దగ్గరది, అందులో వికల్పానికి తావు ఉంది. పాత నవలల కాలరేఖనూ, కొత్త చిత్రాల కాలరేఖనూ గౌరవించే అభిమానులను తర్కం తెలియనివారని తీసిపారేయడం అన్యాయం. వారు షోడశిని ఒక యాగంలో గ్రహించి, మరో యాగంలో విడిచినవారు.

మరి 2014 ప్రకటనకు విలువ లేదా అంటే, ఉంది. ప్రతి విధివాక్యానికీ ఒక అధికారి ఉంటాడని, అంటే ఆ విధి ఎవరిని ఉద్దేశించిందో వారికే వర్తిస్తుందని మీమాంస చెబుతుంది. ఇకమీదట రాయబోయే రచయితలు, తీయబోయే దర్శకులు ఏ కథపై తమ కథను నిలపాలో ఆ ప్రకటన విధించింది; హక్కులు గల సంస్థగా అలా విధించడం దాని పరిధిలోనిదే. 1999లోనే ఆ నవల చదివి చ్యూబాకా కోసం కన్నీరు పెట్టుకున్న పాఠకుడు మాత్రం ఆ విధికి అధికారి కాడు.