ముహూర్తం, తుమ్మముల్లు

ముహూర్తాలు పెట్టేవాడి బండికే పంక్చరు పడితే ఊరు నవ్వుకోడానికి ఇంకేం కావాలి? "పంతులుగారూ, అందరికీ ముందే చెబుతారే, మీ సంగతి మీకు తెలీలేదా?" అన్నాడు వేమూరు దారిలో పంక్చరు షాపు కుర్రాడు, లీవరుతో టైరు విప్పుతూ. వాడి ఎగతాళికి నాకేం కోపం రాలేదు. కాకపోతే ఆ అపోహ మా యజమానుల్లో చాలామందికి ఉన్నదే. ముహూర్తం పెట్టడమంటే మంచి వేళ ఎంచుకోవడం, అంతే. ఆ వేళకి గట్టుదారిలో సర్కారు తుమ్మముల్లు ఉండదని పంచాంగం పూచీ పడదు.

శుభలేఖ మీద 'ఉదయం 9 గంటల 12 నిమిషాలకు' అని అచ్చేస్తారు. చూసేవాళ్లకి అదేదో రైలు టైములా కనిపిస్తుంది. అసలు లెక్క వేరు. రోజుకి 12 లగ్నాలు, ఒక్కోటి అటూ ఇటూగా రెండు గంటలు. దాన్ని తొమ్మిది భాగాలు చేస్తే ఒక్కోటి నవాంశ, 13 నిమిషాల పైచిలుకు. వాటిలో శుభమైన పుష్కరాంశ చూసి మేం సమయం రాస్తాం. అది దాటినా లగ్నం ఉంటుంది. లగ్నమూ జారిపోతే మధ్యాహ్నం అభిజిత్తు ఉంది. పగటిని 15 భాగాలు చేస్తే ఎనిమిదోది, సుమారు 48 నిమిషాలు. శాస్త్రం రాసినవాళ్లు ఎడ్లబళ్ల కాలంవాళ్లు. దారిలో ఇరుసు విరగడం వాళ్లకి తెలీని సంగతా?

కుర్రాడు ట్యూబు లాగి, గాలి కొట్టి, నీళ్ల తొట్టిలో ముంచి తిప్పుతుంటే ఒకచోట సన్నగా బుడగలు లేచాయి. అక్కడ గుర్తు పెట్టాడు గానీ వెంటనే ప్యాచీ వేయలేదు. టైరు లోపలంతా అరచేత్తో తడిమాడు. ముల్లు మొన విరిగి అందులోనే ఉంది. "ఇది తీయకుండా ప్యాచీ వేస్తే కాసేపటికి మళ్లీ నా దగ్గరికే నడిపించుకొస్తారు" అంటూ కటింగ్ ప్లేయరుతో లాగి నా చేతిలో పెట్టాడు. అరంగుళం కూడా లేదు.

గృహప్రవేశానికి నేను చేరేసరికి కొత్తింటి వాకిట్లో ఆవునీ దూడనీ పట్టుకుని నిలబడి ఉన్నారు. లగ్నం ఉంది, నవాంశే దాటింది. (విఘ్నేశ్వర పూజ నేను వెళ్లాక కదా మొదలయ్యేది, ఆయన తొందరపడి దారిలోనే ఎదురొచ్చాడు.) ఇల్లాలు పక్కకి పిలిచి మెల్లిగా అడిగింది: "అపశకునం అంటారా పంతులుగారూ? వాయిదా వేద్దామా?" పక్కనే ఉన్న ఆవిడ తమ్ముడు ఊరుకోలేదు. "అపశకునమేంటక్కా, ముందు ఏ లారీయో వస్తుండి ఉంటుంది. దేవుడే ఈయన్ని ఆపాడు" అన్నాడు.

ఇద్దరూ భక్తిగానే అన్నారు. ఇద్దరి మాటా నాకు మింగుడుపడలేదు. ముల్లు కబురు మోసుకురాదు. ఇక దేవుడే నన్ను లారీ నుంచి తప్పించాడంటే, ఇంకోరోజు అదే దారిలో లారీ కింద పడ్డవాడి మాటేమిటి? వాడికి ముల్లు పంపడం మరిచిపోయాడా? మన మీది దయని చాటుకునే ఉత్సాహంలో దేవుణ్ణి ఇంకొకరి పట్ల కఠినుణ్ణి చేసేస్తాం.

గీత 18వ అధ్యాయం 14వ శ్లోకంలో ఏ పనికైనా ఐదు కారణాలన్నాడు కృష్ణుడు. అధిష్ఠానమైన దేహం, కర్త, కరణాలు, రకరకాల చేష్టలు, ఐదోది దైవం. మనం ఐదోదాన్ని ముందుకి లాగి మిగతా నాలుగూ వదిలేస్తాం. అలాగని అంతా నేనే అనుకునేవాణ్ణీ వదల్లేదు, 16వ శ్లోకంలో గట్టిగానే తిట్టాడు. నా పంక్చరే చూడండి. గట్టుదారి పట్టిన కర్తని నేను, బండి కరణం, తుమ్మ కొట్టి కొమ్మలు దారిలో పారేసిపోవడం ఎవరిదో చేష్ట. ఇవన్నీ చెప్పుకున్నాక కూడా, నా ముందు వెళ్లిన స్కూటరుకి గుచ్చుకోనిది నాకే ఎందుకు గుచ్చుకుంది అన్న ప్రశ్న మిగులుతుంది. ఆ మిగిలినదాన్నే నేను దైవం అంటాను. దానికో అర్థం చెప్పి దక్షిణ పుచ్చుకోవడానికి మాత్రం నాకు మనసొప్పదు.

ఆ పంక్చరు షాపు కుర్రాడు "ఇన్షా అల్లా, పావుగంటలో అయిపోతుంది" అన్నాడు. ఖురానులోనూ 18వ అధ్యాయమే, కహఫ్ సూరా. అల్లా తలిస్తే అనకుండా రేపు ఫలానాది చేస్తాననొద్దని 23, 24 వాక్యాల్లో ఉంది. బైబిల్లో యాకోబు పత్రిక నాలుగో అధ్యాయం, పట్నం వెళ్లి వ్యాపారం చేసి లాభం తెస్తామనేవాళ్లకి ఇదే మాట చెబుతుంది. ఎవరూ బయల్దేరొద్దనలేదు. ఇన్షా అల్లా అన్నవాడే టైరంతా తడిమి ముల్లు తీశాడు.

వాయిదా వద్దన్నాను. ఆవు గడప దాటింది, పాలు పొంగాయి, అందరూ భోజనాలు చేశారు.

ఇప్పుడు ఎవరైనా "ఎన్నింటికొస్తారు?" అంటే "ఏడింటికి బయల్దేరతాను" అంటున్నాను. బయల్దేరడం వరకే నేను మాటివ్వగలను. యజమానులకిది నచ్చడంలేదు. "అదంతా సరే పంతులుగారూ, ఇంతకీ వస్తారా, రారా?" అని నిష్ఠూరమాడుతున్నారు. ఇంకో పంతులుగారి నంబరు కూడా దగ్గర పెట్టుకుంటున్నారని విన్నాను.