దండ వేయడానికి కాదు, నడపడానికి

ఈసారి మీతో ఒక పాత బండి గురించి మాట్లాడతాను. ధమ్మం చెప్పే పుస్తకంలో ఈ బండి గోల ఏంటి అనుకోకండి. మన ఇళ్లలో గోడకు బుద్ధుడి పటం ఉంది. పక్కనే బాబాసాహెబ్ పటం ఉంది. బీరువాలో దీక్ష రోజు దిగిన ఫొటో ఉంది. ఇన్ని ఉన్నా మన ఇంట్లో ధమ్మం నడుస్తోందా, నిలబడి ఉందా? నన్ను ఈ ప్రశ్న అడిగింది భంతేజీ కాదు. మా నాయన రాజ్‌దూత్.

చూరు కింద పన్నెండేళ్లు

1985 జూలై 17న కారంచేడులో మనవాళ్లను వెంటాడి చంపారు. ఆ ఘటన మా నాయనను మార్చేసింది. మరుసటి ఏడాది ఇంట్లో ఉన్న ఒక్క పాడిగేదెనూ అమ్మి సెకండ్‌హ్యాండ్ రాజ్‌దూత్ కొన్నాడు. 173 సీసీ, టూ స్ట్రోక్ ఇంజను. పాలక్యాన్లు కట్టుకుని తిరిగేవాళ్ల బండి అని దానికి పేరు. మా నాయన మాత్రం దాని మీద కరపత్రాల కట్టలు కట్టుకుని పల్లెపల్లెకూ తిరిగాడు.

అప్పటికి మా ఊళ్లో రచ్చబండ ముందు మనవాడు సైకిల్ మీద పోతేనే దిగి నడిపించుకుని పోవాలి. నాయన దిగలేదు. ఒక రాత్రి కాలవకట్ట మీద బండి ఆపి కొట్టారు. తలకు ఏడు కుట్లు పడ్డాయి. సీటు మీద రక్తం మా అమ్మ కడిగింది. పదిరోజులకు నాయన కట్టు విప్పించుకుని మళ్లీ అదే బండి తీశాడు.

2011లో నాయన పోయాడు. బండిని చూరు కింద పెట్టి పట్టా కప్పాం. ఏటా ఏప్రిల్ 14న, ఆయన వర్ధంతి రోజున పట్టా తీసి, తుడిచి, హ్యాండిల్‌కు దండ వేశాం. మళ్లీ కప్పాం. పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా కిక్కు కొట్టలేదు.

ఒకరోజు మా అమ్మాయి అడిగింది: "నాన్నా, తాతయ్య బండి నడుస్తుందా?"

"బాగా నడిచేదమ్మా" అన్నాను.

"అది కాదు, ఇప్పుడు?"

జవాబు లేదు. అదే వారం స్కూలు ఫారం తెచ్చింది. "మతం అని ఉంది, ఏం రాయాలి?" నేను ఫోనులో ఎవరితోనో మాట్లాడుతూ, "హిందూ అని రాసెయ్, తర్వాత చూద్దాం" అన్నాను. 2006లో త్రిశరణాలు, పంచశీలాలు, 22 ప్రతిజ్ఞలు నోటితో పలికిన మనిషిని నేను. నా కూతురు నా ముఖంలోకి చూసి, ఏమీ అనకుండా పెన్ను తీసుకుంది. ఆ చూపు మరిచిపోలేను. రెండో ప్రశ్న కూడా మొదటి ప్రశ్నేనని ఆ రాత్రి అర్థమైంది. బాగా నడిచేది. మరి ఇప్పుడు?

వాడని బండికి ఏమవుతుంది

టౌనులో పాత బండ్లు బాగుచేసే ముసలి భాయ్ ఒకాయన ఉన్నాడు. ఆయన్ని ఇంటికి తీసుకొచ్చాను. పట్టా తీయగానే నేను గబగబా కిక్కు మీద కాలు పెట్టబోయాను. భాయ్ నా చెయ్యి పట్టుకున్నాడు. "తొందరపడొద్దు తమ్ముడూ. లోపల రింగులు బోరుకు పట్టేసి ఉంటాయి. బలంగా కొడితే ఉన్నది కూడా పోతుంది."

తిరిగే బండి అరుగుతుందని మనకు తెలుసు. నిలబెట్టిన బండి అంతకన్నా ఎక్కువ పాడవుతుందని ఆయన చూపించేదాకా నాకు తెలియదు. ట్యాంకులో పెట్రోలు ఎండి బంకలాగా అయింది. ఆ బంకే కార్బొరేటర్ జెట్లను మూసేసింది. ట్యాంకు లోపలంతా తుప్పు. రబ్బరు సీళ్లు ఎండి బిగుసుకుపోయాయి. పాయింట్ల మీద నాచులాంటి పొర. ఎయిర్ ఫిల్టర్‌లో ఎలుక గూడు. వీటిలో ఏదీ ఎవరో వచ్చి చేసిన ద్రోహం కాదు. మేము ఏమీ చేయకపోవడమే దీనికి కారణం. బుద్ధుడు పమాదం అన్నది దీన్నే. ఏమరపాటు, అశ్రద్ధ. పెద్ద పాపం ఏదో చేస్తేనే మనిషి చెడిపోడు. చేయాల్సింది చేయకుండా రోజులు గడిపినా చెడిపోతాడు.

ఇంకో సంగతి. బండికి అద్దాలు లేవు. హెడ్‌లైటు గ్లాసు లేదు. టూల్‌బాక్సు మూత లేదు. "ఎవరు తీశారమ్మా?" అంటే, "ఊరికే పడుందిగదా అని అవసరమైనోళ్లు అడిగి పట్టుకుపొయ్యార్రా" అంది అమ్మ. ఎవరూ వాడని వస్తువు మీద అందరికీ హక్కే!

మన అమరావతి స్తూపం ఏమైందో గుర్తుచేసుకోండి. శతాబ్దాలపాటు ధమ్మం విలసిల్లిన చోటు. వందనం చేసేవాళ్లు లేకుండా పోయాక మట్టిదిబ్బ అయింది. ఆ శిల్పాల పలకలు కొన్నింటిని సున్నం కోసం కాల్చారు. మిగిలినవాటిలో చాలా భాగం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో, లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మనం వదిలేసిన ధమ్మానికీ అదే జరుగుతుంది. ధ్యానాన్ని ఒకరు పట్టుకుపోయి ఫీజు పెట్టి అమ్ముకుంటారు. బుద్ధుణ్ణి ఒకరు పట్టుకుపోయి అవతారం అంటారు. మన దగ్గర పట్టా, దండ మిగులుతాయి.

నాలుగు ప్రయత్నాలు

అష్టాంగ మార్గంలో సమ్యక్ వ్యాయామం అనే అంగం ఉంది. సరైన ప్రయత్నం అని అర్థం. దాన్ని తథాగతుడు నాలుగుగా విడదీసి చెప్పాడు. ఇంకా పుట్టని చెడును పుట్టనివ్వకపోవడం. పుట్టిన చెడును తీసేయడం. ఇంకా లేని మంచిని పుట్టించడం. ఉన్న మంచిని నిలబెట్టి పెంచడం. ఈ నాలుగూ నేను ఎన్నోసార్లు సభల్లో చెప్పాను. అర్థమైంది మాత్రం భాయ్ పక్కన పీట వేసుకు కూర్చున్నాకే.

మొదట బండిని చూరు కింద తడి నేల మీద నుంచి తీసి పొడినేల మీద, నీడలో పెట్టించాడు. కొత్త తుప్పు రాకుండా ఆపాలి. ఇది ఒకటి.

తర్వాత ఉన్న తుప్పు. ప్లగ్ విప్పి ఆ రంధ్రంలో కాస్త ఆయిల్ పోసి నాలుగురోజులు వదిలేశాడు. నాలుగో రోజు కిక్కును చేత్తో మెల్లగా ఒత్తితే వెంట్రుకవాసి కదిలింది. ఐదో రోజు ఇంకాస్త. ట్యాంకులో గుప్పెడు చిన్న నట్లు వేసి, డీజిల్ పోసి, నేనూ మా అమ్మాయీ చెరో పక్క పట్టుకుని అరగంట ఊపాం. ఎర్రటి బురద వచ్చింది. కడిగి మళ్లీ ఊపాం. మూడుసార్లు. ఇది రెండు.

మూడోది, లేనివి తేవడం. కొత్త రింగులు, ఆయిల్ సీళ్లు, కండెన్సర్, బ్రేక్ షూలు, కేబుళ్లు, టైర్లు. టూ స్ట్రోక్‌లో సీలు కారితే ఇంజను పక్కదారిన గాలి పీల్చుకుంటుంది, ఎంత ట్యూనింగ్ చేసినా నిలబడదు అన్నాడు భాయ్. కొత్త పెట్రోలులో లీటరుకు 40 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్ కలిపించాడు.

నాలుగోది బండి స్టార్ట్ అయ్యాక. "తమ్ముడూ, వారానికి రెండుసార్లన్నా నడుపు. లేకపోతే నా చాకిరీ అంతా వేస్టు" అన్నాడు. మన ఆదివారం వందన ఎందుకో ఆ మాటలో ఉంది.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. ఆయన ఏ పార్టునూ తిట్టలేదు, ఏ పార్టుకూ మొక్కలేదు. లోపం ఉంది. లోపానికి కారణం ఉంది. కారణం తీసేస్తే లోపం పోతుంది. తీసే దారి ఉంది. ఇవే మన నాలుగు ఆర్యసత్యాలు.

వాకిలంతా నాయన

మధ్యలో ఒకరోజు బండి మొత్తం విప్పి గోనెసంచుల మీద పరిచాడు. వాకిలంతా పార్టులు. నాకు దుఃఖం వచ్చింది. నాయనను రెండోసారి పోగొట్టుకున్నట్టు అనిపించింది. చినిగిన పాత సీటు మార్చొద్దని పట్టుబట్టాను.

అప్పుడు నాగసేన భిక్ఖువు, మిళింద రాజు గుర్తొచ్చారు. రథం మీద వచ్చిన రాజును నాగసేనుడు అడుగుతాడు: ఇరుసు రథమా? చక్రాలు రథమా? పగ్గాలు రథమా? ఏదీ విడిగా రథం కాదు. అన్నీ కలిసి పనిచేస్తున్నప్పుడు దానికి రథం అని పేరు. మా నాయన ఆ సీటులో లేడు. రచ్చబండ ముందు దిగకపోవడంలో ఉన్నాడు. రాత్రిపూట పల్లెల్లో కందిలి పెట్టి పిల్లలకు చదువు చెప్పడంలో ఉన్నాడు. ఆ పనులు ఎవరైనా చేస్తే ఆయన ఉన్నట్టు, చేయకపోతే లేనట్టు. సీటు మార్పించాను.

నిమ్మకాయ

బండి సిద్ధమయ్యేసరికి దసరా వచ్చింది. బాబాసాహెబ్ 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో దీక్ష తీసుకున్నది అశోక విజయదశమి రోజునే. మన పండగ రోజే బండి తీద్దామనుకున్నాం. ఊరంతా ఆయుధపూజలు. తెల్లారేసరికి మా అమ్మ పసుపు, కుంకుమ, నాలుగు నిమ్మకాయలు పట్టుకుని బండి దగ్గర నిలబడింది. "చక్రాల కింద పెట్టి తొక్కించరా, మంచిది" అంది.

నేను అరిచాను. "ఇన్నేళ్లు చెప్పినా నీకు బుద్ధి రాదా? నాయన పరువు తీస్తావా?" అన్నాను. అమ్మ చేతిలో నిమ్మకాయలు కింద పడ్డాయి. ఏడవలేదు. "ఈ బండి మీద నెత్తురు కడిగింది నేనురా" అని లోపలికి పోయింది.

బంధువులారా, ప్రతిజ్ఞలు గుర్తుచేయడం తప్పు కాదు. కానీ అవే 22 ప్రతిజ్ఞల్లో సకల ప్రాణుల పట్ల దయ కూడా ఉంది. అష్టాంగ మార్గంలో సమ్యక్ వాక్కు ఉంది. భాయ్ చైను బిగిస్తూ అన్నమాట గుర్తొచ్చింది: మరీ వదులైతే జారిపోతుంది, మరీ బిగిస్తే బేరింగు పోతుంది. సోణ భిక్ఖువుకు వీణ తీగల పోలికతో బుద్ధుడు చెప్పింది ఇదే. ఏళ్ల తరబడి నేను వదులు. కూతురి ఫారం దగ్గర వదులు. మా విహారం తాళం తుప్పు పట్టినా వదులు. ఒక్క రోజు, ఒక్క ముసలి తల్లి మీద మాత్రం బిగించాను!

లోపలికి వెళ్లి అమ్మ కాళ్ల దగ్గర కూర్చున్నాను. క్షమించమన్నాను. దేనికి భయం అని అడిగాను. అమ్మ చెప్పింది. బండి చప్పుడు కోసం అర్ధరాత్రిదాకా వాకిట్లో కూర్చున్న ఇరవై అయిదేళ్ల సంగతి చెప్పింది. ఆ నిమ్మకాయలో భక్తి లేదు, భయం ఉంది. భయం దుఃఖం. దానికి కారణం ఉంది. నిమ్మకాయ లాక్కుంటే కారణం పోదు.

మా అమ్మాయి నాయనమ్మ చెయ్యి పట్టుకుని బండి దగ్గరకు తీసుకొచ్చింది. "నాయనమ్మా, ఇదిగో బ్రేకు, నొక్కి చూడు. ఇది లైటు. ఇది హారన్. టైర్లు కొత్తవి. నాన్న హెల్మెట్ ఇదిగో." అమ్మ ఒక్కొక్కటీ తాకి చూసింది. హారన్ మూడుసార్లు నొక్కింది. నిమ్మకాయలు తీసుకెళ్లి అందరికీ షర్బత్ చేసింది.

ఆరో కిక్కుకు బండి లేచింది. తెల్లటి పొగ, పాత చప్పుడు. అమ్మను వెనక ఎక్కించుకుని రచ్చబండ ముందు నుంచి వెళ్లాను. అరుగు మీద ఉన్నవాళ్లు తలెత్తి చూశారు. అమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది. అరుగు దాటాక మెల్లగా వదులు చేసింది.

తెప్ప నెత్తిన మోయకండి

ఆ సాయంత్రం ఒక మిత్రుడు, "దీన్ని విహారంలో అద్దాల పెట్టెలో పెడదాం, మీ నాన్నగారి గుర్తుగా" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. కానీ బుద్ధుడు ధమ్మాన్ని తెప్పతో పోల్చాడు. తెప్ప ఉన్నది ఏరు దాటడానికి, నెత్తిన పెట్టుకు ఊరేగడానికి కాదు. బాబాసాహెబ్ దీక్ష ఇచ్చిన 53 రోజులకే మనల్ని విడిచి వెళ్లారు. కిక్కు కొట్టింది ఆయన. నడపాల్సింది మనం. ఆయన మెడలో మనం వేసే దండ బరువు పెరిగేకొద్దీ, బండి నడపడం తగ్గుతోందేమో చూసుకోండి.

ఇప్పుడు ఆ బండి ప్రతి ఆదివారం చుట్టుపక్కల నాలుగు పల్లెలకు వందనకు పోతోంది. మా విహారం తాళానికి కూడా ఆయిల్ పోశాం. స్కూలుకు వెళ్లి ఫారంలో బౌద్ధం అని మార్పించాం. అలా రాస్తే రిజర్వేషన్ పోతుందని చాలామందికి భయం. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వును 1990లో సవరించి బౌద్ధులను కూడా చేర్చారు. ఈ సంగతి మీ పల్లెలో నలుగురికి చెప్పండి. ఇది కూడా ఒక భయం, కారణం తెలిస్తే పోయే భయం.

చివరగా మీకు నాలుగు మాటలు. రోజుకు పది నిమిషాలు కూర్చుని శ్వాసను గమనించండి, ఆ రోజు ఏ శీలం తప్పారో చూసుకోండి. ఆదివారం పిల్లలతో కలిసి విహారానికి వెళ్లండి, విహారం లేకపోతే ఎవరి వాకిట్లోనైనా చాప పరచండి. "బుద్ధుడు - ఆయన ధమ్మం" బీరువాలో నుంచి తీసి వారానికి రెండు పేజీలు ఇంట్లో పైకి చదవండి. ఇంట్లో ఇంకా నిమ్మకాయ పట్టుకునే చెయ్యి ఉంటే, ముందు ఆ చెయ్యి పట్టుకోండి.

పన్నెండేళ్ల తుప్పు ఒక్కరోజులో పోలేదు. మొదటిరోజు వెంట్రుకవాసే కదిలింది. మీ ఇంట్లో కూడా ఈరోజు అంత కదిలితే చాలు.

అందరికీ మంగళం కలుగుగాక.

నమో బుద్ధాయ! జై భీమ్!