సాన పట్టిన సూర్యతేజము

సూర్యభగవానుడు ప్రత్యక్షదైవము. స్వర్ణముఖీనది సాగరమును చేరు ఈ వాకాడు సీమలో రథసప్తమినాడు జిల్లేడాకులు తలనుంచుకొని స్నానమాడు భక్తులు ఆయనను వేడుకొనునది ఆరోగ్యమునే. అయితే ఆ తేజము అందరికిని ఒకే తీరున సహ్యమగునా?

మార్కండేయపురాణమున సంజ్ఞాదేవి కథ కలదు. భర్త తేజమునకు తాళలేక ఆమె తన ఛాయను ఇంట నిలిపి వెడలిపోయెను. అంతట ఆమె తండ్రి విశ్వకర్మ సూర్యుని సానపట్టి తేజమును తగ్గించెను. తరిగిన ఆ అంశమే విష్ణుచక్రమును, శివుని త్రిశూలమును అయినది.

ఈ కథలోని అంతరార్థము వైద్యమునను కానవచ్చుచున్నది. కొందరికి ఎండ సోకినంతనే చర్మము కంది దద్దుర్లు లేచును. ల్యూపస్ వ్యాధిగ్రస్తులకు లోపలి రోగమును ప్రకోపించును. మన గూడూరు నిమ్మకాయలనే చూడుడు. రసమంటిన చేతితో ఎండలో నిలిచినచో బొబ్బలెక్కి నల్లమచ్చలు పడవచ్చును. అందలి సొరాలిన్ జాతి పదార్థములే ఇందుకు కారణము. విచిత్రమేమనగా, ఆయుర్వేదము బొల్లికి వాడిన బావంచి గింజలలో గలవియు ఆ జాతివే! హాని చేయునదియే మితమున ఔషధమగుచున్నది.

చర్మక్షయకు కాంతిచికిత్స చేసిన డెన్మార్కు వైద్యుడు నీల్స్ ఫిన్సెన్‌కు 1903లో నోబెల్ బహుమతి లభించినది. నేడు బొల్లికి, సోరియాసిస్‌కు 311 నానోమీటర్ల కిరణములను ఏరి, మోతాదు కొలిచి ప్రసరింపజేయుచున్నారు. కామెర్ల పసికందులను నీలికాంతిలో పరుండబెట్టుచున్నారు. ఇది విశ్వకర్మ సానపట్టిన తేజము వంటిది కాక మరేమి?

కావున భక్తులకు రెండు మాటలు. వైద్యుని అడుగక బావంచి పూసుకొని ఎండలో కూర్చొనుట భక్తి కాదు, సాహసము. ఎండ పడనివారు నీడనుండియే నమస్కరింపవచ్చును. తాళలేకపోయినందుకు సూర్యుడు సంజ్ఞను త్యజింపలేదు; తానే తేజము తగ్గించుకొని ఆమెను వెదకికొనుచు పోయెను.

రెండవది ఇంతకన్న ముఖ్యము. బొల్లి కుష్ఠు కాదు, అంటువ్యాధి కాదు. అయినను పాపఫలమని ఎంచి, పెండ్లిండ్లలో, పంక్తులలో ఆ మచ్చలు గలవారిని దూరముంచువారు నేటికిని కలరు. సాంబుడు శాపమున వ్యాధిగ్రస్తుడయ్యెనని వారు ఉదాహరింతురు. కాని ఆ కథ శాపముతో ముగియలేదు. సూర్యుని కరుణతో, స్వస్థతతో ముగిసినది. ముగింపును విడిచి శాపమును మాత్రమే పట్టుకొనుట పురాణశ్రవణఫలమా?

వచ్చు రథసప్తమినాడు అట్టివారి ప్రక్కనే కూర్చొని ప్రసాదము స్వీకరింపుడు. అందరిపై సమముగా ఉదయించు దేవునకు అంతకు మించిన అర్ఘ్యము లేదు.