పాత మచ్చ, కొత్త సంతకం



పిల్లవాడు పోటీ పరీక్ష నెగ్గాడన్న కబురు వచ్చిన రోజు మన ఇళ్ళలో పండుగే. ఇరుగుపొరుగుకు స్వీట్లు పంచుతాం. గుడిలో కృతజ్ఞతగా పూజ చెప్పించుకుంటాం. ఆ తరువాత కొన్నాళ్ళకు ఇంకొక కాగితం చేతికి వస్తుంది. దానిని అటెస్టేషన్ ఫారం అంటారు. పేరు, తల్లిదండ్రుల వివరాలు, చదువు, గత అయిదేళ్ళలో నివసించిన చోట్లు అన్నీ అందులో రాయాలి. వాటి తరువాత కొన్ని ప్రశ్నలుంటాయి. మిమ్మల్ని ఎప్పుడైనా అరెస్టు చేశారా, మీపై కేసు నడిచిందా, జరిమానా గాని శిక్ష గాని పడిందా, ఏదైనా కేసు ఇంకా విచారణలో ఉన్నదా అని అడుగుతారు.

చాలామందికి అది ఒక్క నిమిషం పని. లేదు, లేదు అని రాసి సంతకం చేస్తారు. కాని కొందరి కలం అక్కడ ఆగిపోతుంది. కాలేజీ రోజుల్లో కొట్లాటలో పేరెక్కి, తరువాత లోక్ అదాలత్‌లో రాజీ అయిన కేసు ఒకరికి ఉంటుంది. ధర్నాలో కూర్చున్నందుకు పెట్టిన కేసు మరొకరికి ఉంటుంది. తాగి బండి నడుపుతూ పట్టుబడి మేజిస్ట్రేటు ముందు జరిమానా కట్టినవాడు ఇంకొకడు. అప్పుడు ఇంట్లో పెద్దలు కూర్చుంటారు. "ఎప్పుడో అయిపోయింది. ఇప్పుడు తవ్వుకోవడం ఎందుకురా? లేదని రాసెయ్" అంటాడు మేనమామ. "రాస్తే చేతికొచ్చిన ఉద్యోగం పోతుందేమోనయ్యా" అంటుంది తల్లి. ఆ కుర్రవాడు ఏం చెయ్యాలి? ఈ వారం ఈ ప్రశ్న గురించి ఆలోచిద్దాం.

ఆ మేనమామ మాటను తేలికగా కొట్టివేయకూడదు. అందులో రెండు నిజాలున్నాయి. మొదటిది, మారిన మనిషిని పాత తప్పుతో కొలవడం అన్యాయం. పాపసంకీర్తనంలో క్షమాపణ పొందినవాడిని దేవుడే కొత్త మనిషిగా చూస్తుంటే, ఒక గుమాస్తా పాత కాగితం చూపి నిలదీయడమేమిటి? రెండవది, పోలీసు రికార్డు మనుషులను సమానంగా చూడదు. పల్లెలో గొడవ జరిగితే ఫిర్యాదులో ఇంటిల్లిపాది పేర్లూ రాయిస్తారు. అక్కడ లేనివాడి పేరు కూడా ఎక్కుతుంది. పలుకుబడి ఉన్నవాడి పేరు మర్నాటికి జారిపోతుంది, కూలివాడి కొడుకు పేరు అలాగే ఉండిపోతుంది. కనుక ఖాళీ రికార్డు మంచితనానికి రుజువు కాదు, రికార్డులో పేరుండడం చెడ్డతనానికి రుజువు కాదు.

ఇవి రెండూ నిజమే అయినా, వాటినుండి "లేదని రాసెయ్" అన్న సలహా రాదు. ఎందుకో చూద్దాం.

క్షమాపణ అపరాధాన్ని తీసివేస్తుంది గాని జరిగినదానిని జరగనిదిగా చెయ్యదు. ఫారం అడుగుతున్నది మీ పాపాలను కాదు. వాటిని అడిగే హక్కు ఏ కార్యాలయానికీ లేదు. అది అడుగుతున్నది బహిరంగంగా జరిగిన ఒక సంగతిని, కోర్టు పుస్తకంలో ఉన్నదానిని. "దేవుడు క్షమించాడు కాబట్టి కేసు లేదు" అని రాయడం, "అప్పు ఇచ్చినవాడు మంచివాడు కాబట్టి నేను అప్పు తీసుకోలేదు" అన్నట్టు ఉంటుంది.

ఇంకొక తేడా కూడా చూడండి. పందొమ్మిదేళ్ళప్పుడు జరిగిన కొట్లాట ఆవేశంలో జరిగింది. పాతికేళ్ళప్పుడు ఫారం మీద రాసే అబద్ధం నిదానంగా, తెలిసి, కలం పట్టి రాసేది. మొదటిది కాలంతో పాతబడుతుంది. రెండవది ఈనాటిది. ఈనాటి మనిషి ఎటువంటివాడో చెప్పేది అదే. పాత మచ్చను కప్పడానికి కొత్త మచ్చ వేసుకుంటే, "నేను మారాను" అన్న మాటకు ఆధారమేముంటుంది?

అయితే సత్యం చెప్పడమంటే ఉన్నవన్నీ ఊరంతా చాటడం కాదు. 1992లో పునీత రెండవ జాన్‌పాల్ పోపుగారి కాలంలో వెలువడిన కతోలిక సత్యోపదేశం ఎనిమిదవ ఆజ్ఞను వివరిస్తూ ఈ సంగతి స్పష్టం చేసింది. తెలుసుకునే హక్కు లేనివాడికి నిజం విప్పి చెప్పవలసిన బాధ్యత ఎవరికీ లేదు. అబద్ధం వేరు, మౌనం వేరు. అడగనిదానిని చెప్పకపోవడం అబద్ధం కాదు. అడిగే హక్కు ఉన్నవాడు సూటిగా అడిగినప్పుడు లేదనడం మాత్రం అబద్ధమే.

ఆశ్చర్యమేమిటంటే మన సుప్రీంకోర్టు కూడా ఇంచుమించు ఇదే దారికి వచ్చింది. 2016 జూలైలో అవతార్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం అంతవరకు వచ్చిన వేరువేరు తీర్పులను సమీక్షించి కొన్ని సూత్రాలు నిర్ణయించింది. అభ్యర్థి ఇచ్చే సమాచారం నిజమై ఉండాలి. అయితే ప్రశ్న స్పష్టంగా ఉండాలి. అడగని సంగతిని దాచాడని ఎవరినీ తప్పుపట్టరాదు. చిన్న వయసులో నినాదాలు చేయడం వంటి అల్పమైన కేసును దాచినా, యజమాని దానిని మన్నించవచ్చు. నిజం చెప్పినవాడిని తప్పనిసరిగా తీసుకోవాలని కూడా లేదు. యజమాని అతని నడవడిని, ఉద్యోగ స్వభావాన్ని చూసి నిర్ణయించుకోవచ్చు.

అంతకు ముందు 2011లో సందీప్ కుమార్ కేసు వచ్చింది. ఢిల్లీ పోలీసు శాఖలో హెడ్ కానిస్టేబుల్ ఉద్యోగానికి దరఖాస్తు చేసిన యువకుడు, రాజీతో ముగిసిన ఒక పాత కేసును మొదట చెప్పలేదు. సుప్రీంకోర్టు అతని పక్షాన నిలిచి, విక్టర్ హ్యూగో నవలలోని జాన్ వాల్జాన్‌ను గుర్తు చేసింది. ఆకలితో ఉన్న ఇంటివారి కోసం రొట్టె దొంగిలించినందుకు జీవితమంతా దొంగ అన్న ముద్ర మోసినవాడు అతడు. యువకులను బాగుచేయాలే గాని ముద్ర వేసి వదలరాదని న్యాయస్థానం అభిప్రాయం.

దీనిని చూసి "దాచినా ఫరవాలేదన్నమాట" అనుకోకండి. 2022లోనే రెండు రకాల తీర్పులు వచ్చాయి. మే నెలలో పవన్ కుమార్ అనే రైల్వే రక్షణ దళ కానిస్టేబుల్‌ పక్షాన తీర్పు వచ్చింది. సెప్టెంబరులో సతీశ్ చంద్ర యాదవ్ కేసులో వాస్తవం దాచినందుకు జరిగిన తొలగింపును అదే న్యాయస్థానం సమర్థించింది. దాచినవాడికి మన్నన దొరకవచ్చు, దొరకకపోవచ్చు. ఈలోగా ఏళ్ళు గడిచిపోతాయి, వకీలు ఫీజులు పెరిగిపోతాయి, పెళ్ళీ పిల్లలూ వచ్చాక ఉద్యోగం ఊడుతుంది. గుమ్మం ముందుకు ఎవరు వచ్చినా గుండె దడదడలాడుతుంది.

ప్రైవేటు కంపెనీలదీ ఇంచుమించు ఇదే పరిస్థితి. హైదరాబాదు, బెంగుళూరు కంపెనీలలో చేరేవారి పట్టాలను విశ్వవిద్యాలయానికి పంపి సరిచూస్తారు. పాత యజమానిని అడుగుతారు. భవిష్యనిధి ఖాతాలో ఏ నెలలో ఎక్కడ పనిచేశారో కనబడుతుంది. రెండేళ్ళు పని లేక ఇంటిపట్టున ఉన్న పిల్లవాడు సిగ్గుపడి, ఎవరో అమ్మే నకిలీ అనుభవ పత్రం కొంటాడు. పని లేకపోవడం నేరం కాదు. దొంగ కాగితం నేరం. సిగ్గుపడనక్కరలేని దానికి సిగ్గుపడి, సిగ్గుపడవలసిన దానిలోకి దిగుతున్నాడు!

కాబట్టి కలం ఆగిపోయిన తమ్ముడికి నా మాట ఇది. ముందుగా ప్రశ్నను నిదానంగా చదువు. అడిగినంతవరకే రాయి, కాని అడిగినది పూర్తిగా రాయి. కేసు నంబరు, సంవత్సరం, సెక్షను, చివరికి ఏమైందో రాసి, తీర్పు నకలు జతచెయ్యి. ఫారం నింపే పని బ్రోకరుకు అప్పగించవద్దు, ఖాళీ కాగితం మీద సంతకం పెట్టవద్దు. పద్దెనిమిది ఏళ్ళు నిండకముందు జరిగిన సంగతైతే వకీలును అడుగు. 2015 నాటి బాలల న్యాయ చట్టం 24వ సెక్షను, ఆ వయసులో చేసిన నేరం వల్ల కలిగే అనర్హతను తొలగిస్తుంది. పదహారు దాటి, పెద్దవారితో సమానంగా విచారణ జరిగిన కేసులకు మాత్రం మినహాయింపు ఉంది. సమాజమే మరచిపోవాలని నిర్ణయించినదానిని నువ్వు మోయనక్కరలేదు. ఇప్పటికే లేదని రాసేసి ఉంటే, వాళ్ళు కనుక్కోకముందే నువ్వే వ్రాతపూర్వకంగా సరిదిద్దుకో.

ఇలా చేస్తే ఉద్యోగం తప్పక వస్తుందా? రాకపోవచ్చు. ఈ సంగతి దాచితే నేనూ అబద్ధమాడినవాడినే అవుతాను. నిజం రాసినవాడు ఇంట్లో కూర్చోవడం, లేదని రాసినవాడు జీతం తెచ్చుకోవడం లోకంలో జరుగుతూనే ఉంది. అయితే దీనికి జవాబు చెప్పవలసింది ఆ కుర్రవాడు ఒక్కడే కాదు, మనం కూడా. నిజం చెప్పమని పిల్లలకు నేర్పుతాం. నిజం చెప్పినవాడికి చోటిస్తున్నామా?

కొత్త నిబంధనలో ఒకే ఒక్క అధ్యాయం, ఇరవై అయిదు వచనాలు ఉన్న చిన్న లేఖ ఒకటి ఉంది. పౌలుగారు ఫిలేమోనుకు రాసినది. యజమానిని విడిచిపోయిన ఒనేసిము అనే బానిసను తిరిగి పంపుతూ రాసిన సిఫారసు ఉత్తరమది. పౌలుగారు ఏం చేశారో గమనించండి. అతనికి మచ్చ లేదని రాయలేదు. ఒకప్పుడు అతడు పనికిరానివాడేనని ఒప్పుకున్నారు, ఇప్పుడు ఉపయోగపడేవాడని సాక్ష్యమిచ్చారు. అతడు ఏదైనా అపకారం చేసి ఉంటే, బాకీ ఉంటే, తన లెక్కలో వేయమని స్వహస్తంతో రాశారు. సత్యాన్ని దాచలేదు, మనిషిని వదిలివేయలేదు. మచ్చ ఉన్నవాడికి కావలసింది ఇటువంటి సాక్షి.

ఆ సాక్షులం మనమే. వీధిలోకి కానిస్టేబుల్ వచ్చి "ఈ అబ్బాయి ఎటువంటివాడు?" అని అడిగినప్పుడు, అరుగు మీద కూర్చున్న మనం ఏం చెబుతున్నాం? కళ్ళారా చూసినదా, చెవిన పడినదా? పాత పొలం తగాదా మనసులో పెట్టుకుని ఒక్క మాట జారవిడిచామా? నిజమైన తప్పునే అయినా తగిన కారణం లేకుండా బయటపెట్టడం పాపమని సత్యోపదేశం నేర్పుతుంది. విచారణ గురువులు నడవడి పత్రం ఇచ్చేటప్పుడు కూడా తాము చూసినదే రాయగలరు. పాపసంకీర్తనంలో విన్నది ఏ కాగితం మీదకూ రాదు, రాకూడదు.

మనలో బడులు, ఆసుపత్రులు, దుకాణాలు నడిపేవారున్నారు. వారికి కూడా ఒక మాట. మచ్చను చూసినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. అది ఎంత పాతది? ఈ పనికి దానితో సంబంధముందా? ఆ తరువాత ఈ మనిషి ఎలా బ్రతికాడు? తాగి బండి నడిపిన జరిమానా స్కూలు బస్సు డ్రైవరు విషయంలో పెద్ద సంగతి. లెక్కలు రాసే గుమాస్తా విషయంలో అంత కాదు. పసిపిల్లలకు హాని చేసినవాడిని క్షమించవచ్చు, కాని మళ్ళీ పిల్లల మధ్య ఉద్యోగంలో పెట్టకూడదు. క్షమ వేరు, అప్పగింత వేరు. అయితే చిన్న మచ్చకు పెద్ద మచ్చ శిక్ష వేయడమూ అన్యాయమే. తన కాగితంలో ఉన్నది ఉన్నట్టు రాసిన అభ్యర్థి, ఒక ముఖ్యమైన పరీక్షలో మీ ముందే నెగ్గాడని మరచిపోకండి. దుకాణం గల్లాపెట్టె అప్పగించడానికి మీకు కావలసిన గుణం అదే కదా!

జక్కయ్య ఇంటికి క్రీస్తు ప్రభువు వెళ్ళినప్పుడు ఊరంతా గొణిగింది. అతడు సుంకరి అని అందరికీ తెలుసు. అతడు కూడా కాదనలేదు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానని నిలబడి చెప్పాడు. ప్రభువు ఆ ఇంట్లోనే అతిథిగా ఉన్నాడు.

తల్లులారా, తండ్రులారా! ఈ సాయంత్రం మీ ఇంట్లో అటువంటి ఫారం బల్ల మీద ఉంటే, పిల్లవాడిని ఒంటరిగా వదలకండి. పక్కన కూర్చోండి. "ఉన్నది రాయి నాయనా, ఏం వచ్చినా మేమున్నాం" అనండి. ఉద్యోగం పోయినా మా ఇంట్లో నీ చోటు పోదని తెలిసిన పిల్లవాడికి నిజం రాయడం అంత కష్టం కాదు.